సబ్బుబిళ్ళంత పవర్‌బ్యాంక్

బడిలో మధ్యాహ్న భోజనాలు అయ్యాక, పిల్లలు కంచాలు కడుక్కునే పంపు దగ్గర నిలబడి ఉండగా ఫోను మోగింది. తెర మీద ‘పర్చూరు బాబాయి’ అని కనిపించింది. ఎత్తి, అలవాటు కొద్దీ, “ఉందండీ బాబాయి గారూ, నిండా ఉంది” అన్నాను. ఆయన ఎప్పుడు ఫోను చేసినా మొదట అడిగే మాట “ఛార్జింగ్ ఉందా అమ్మాయ్?” అన్నదే. అడక్కముందే జవాబు చెప్పేయడం నాకు అలవాటైపోయింది.

అవతలి నుంచి ఆడగొంతు వినిపించింది.

“అండీ, నేను వాళ్ళమ్మాయినండి. నాన్న నిన్న పొద్దున పోయారు. ఫోనులో ఉన్నవాళ్ళందరికీ చేసి చెబుతున్నాను. మీది సత్తెనపల్లి టీచరమ్మ అని ఉంది. మీరు నాన్నకి ఏమవుతారండి?”

“గుంటూరు ఆస్పత్రిలో...” అని ఆగాను.

“ఓ, ఆస్పత్రిలో పరిచయమా. టీ తాగి గ్లాసు కింద పెట్టారండి, అట్టాగే మంచం మీద ఒరిగారు. అంతే. ఆదివారం మా చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. వీలైతే రండి.”

వస్తానన్నాను. పంపు కట్టేసి ఐదో తరగతిలోకి వెళ్ళి భిన్నాలు చెప్పాను. బాగానే చెప్పాను. పిల్లలెవరూ నా ముఖం వంక తేడాగా చూడలేదు.

ఆయన అసలు పేరు నాకు తెలియదు. ఆ ఆస్పత్రి మూడో అంతస్తు వరండాలో ఎవరి పేరూ ఎవరికీ తెలియదు. బస్టాండులో బోర్డుల్లాగా ఊళ్ళ పేర్లతోనే ఒకరినొకరం పిలుచుకునేవాళ్ళం. నేను సత్తెనపల్లి. ఆయన పర్చూరు. కుర్చీల వరసలో చివర కూర్చునే ముసలావిడ చిలకలూరిపేట. ఎవరి మనిషి వాళ్ళకి ఐసీయూ గాజుతలుపు అవతల ఉన్నాడు. మావారు బండి మీద నుంచి పడి, తలకి దెబ్బ తగిలి లోపల ఉన్నారు. బాబాయి గారి భార్య కళ్ళంలో మిరపకాయలు తిరగేస్తూ తిరగేస్తూ కూలబడిపోయిందట. మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు.

ఆ తలుపు దాటి లోపలికి ఎవరినీ పోనివ్వరు. డాక్టరు మాట్లాడాలనుకుంటే లోపలి నుంచి మన ఫోనుకి చేయిస్తాడు. ఎత్తకపోతే ఇంకోసారి చేస్తారు. అప్పటికీ ఎత్తకపోతే ఆయన వెళ్ళిపోతాడు, మళ్ళీ మర్నాటి దాకా దొరకడు. రక్తం తెమ్మన్నా, మందులు తెమ్మన్నా, సంతకం పెట్టమన్నా అన్నీ ఆ ఫోనులోనే. అంతమందికీ కలిపి వరండాలో ఉన్నది ఒక్క ప్లగ్గు, మంచినీళ్ళ ఫిల్టరు పక్కన. దానికి ఎప్పుడూ ఎవరిదో ఒక ఫోను వేలాడుతూనే ఉండేది.

వచ్చిన రెండో రోజు ఆ ప్లగ్గు ఖాళీగా కనిపిస్తే పరుగున వెళ్ళి నా ఛార్జరు పెట్టాను. వెనక నుంచి ఒక గొంతు, పొలంలో ఈ గట్టు మీద నుంచి ఆ గట్టుకి పిలిచినంత గట్టిగా వినిపించింది.

“అమ్మాయ్, ఖాళీగా ఉందంటేనే అనుమానించాల. పొద్దుటి నుంచీ దాంట్లో కరెంటు రావట్లా, ఆశ మాత్రమే వస్తంది.”

తిరిగి చూశాను. తెల్లచొక్కా, నీలం గళ్ళ లుంగీ, గోళ్ళ సందుల్లో ఎన్నిసార్లు కడిగినా పోని మిరప ఎరుపు. చొక్కా జేబులో నుంచి చేతిరుమాలు మూట ఒకటి తీశారు, కోడిపిల్లను తీసినంత పదిలంగా. విప్పితే అందులో సబ్బుబిళ్ళంత నల్లటి పవర్‌బ్యాంకు.

“ఇట్రా. ఇక్కడ నా పక్కన కూర్చుని పెట్టుకో. ఇచ్చి పంపించేది లేదు.”

ఆయన షరతు అదొక్కటే. ఎవరు అడిగినా ఇచ్చేవారు, కానీ ఫోను ఛార్జింగ్ ఎక్కినంతసేపూ ఆయన పక్క కుర్చీలో కూర్చోవాలి. “చేతులు మారితే వస్తువు నిలవదమ్మాయ్” అని కారణం చెప్పేవారు. పక్కన కూర్చున్నవాళ్ళని ఊరికే ఉండనిచ్చేవారు కాదు. మీ ఊళ్ళో వాన పడిందా, పత్తి తీతలు అయ్యాయా, మీ ఆయన కాఫీ తాగుతాడా టీనా అని అడిగేవారు. లోపల ఉన్న మనిషి గురించి అడిగితే జబ్బు గురించి కాక ఇలాంటివే అడిగేవారు. అక్కడ ఎవరూ అడగని ప్రశ్నలవి. మావారికి టీలో పంచదార తక్కువ ఉండాలని ఆయనకి చెప్పినట్టు గుర్తు. చెబుతుండగా నాకు దుఃఖం రావలసింది. రాలేదు. ఫోను ఎంత ఎక్కిందో చూసుకున్నాను.

వైరు తగిలించగానే ఫోను చిన్నగా గుర్రుమంటుంది కదా, అప్పుడు ఆయన “స్తోత్రం” అనేవారు. పెద్దగా కాదు, తుమ్మినవాళ్ళకి చిరంజీవ అన్నంత మామూలుగా. ఎవరి ఫోనుకైనా అంతే. చిలకలూరిపేట ముసలావిడ ప్రతిసారీ “నారాయణా” అని బదులిచ్చేది. ఇద్దరికీ అందులో పేచీ ఏమీ లేదు.

ఆయనకి ఛార్జింగ్ అంత ఎందుకు కావాలో నాకు కొన్నాళ్ళకి తెలిసింది. రోజూ సాయంత్రం టీ వేళకి లోపలున్న ఒక నర్సమ్మ ఆయనకి ఫోను చేసి, దాన్ని స్పీకరులో పెట్టి ఆయన భార్య చెవి దగ్గర ఉంచేది. ఆవిడకి స్పృహ లేదు. ఆయన లేచి నిలబడి, కిటికీ వైపు తిరిగి మాట్లాడేవారు. మెల్లగా మాట్లాడటం ఆయనకి రాదు. వరండా అంతా వినిపించేది.

“ఏమేవ్, కాయలు ఎత్తేశారు. నిన్న మబ్బు పడితే పట్టాలు కప్పించాను. తడవలా. తాలుకాయలు వేరే పోయించాను, నువ్వు చెప్పినట్టే.”

అని ఆగేవారు. అవతల మనిషి జవాబు చెప్పడానికి ఎంత పడుతుందో అంతసేపు ఆగేవారు. మళ్ళీ మొదలుపెట్టేవారు.

“ఆ, ఆ పనీ అయింది. గేదెకి జొన్నచొప్ప ఏశారు. పక్కింటామె పాలు పితుకుతంది. నీ అంత బాగా కాదులే, సగం పాలు దూడకే వదిలేస్తంది.”

మళ్ళీ ఆగేవారు.

వాళ్ళ మిరప సంగతులన్నీ మాకందరికీ తెలుసు. ఏ రోజు ఎండ బాగా కాసిందో, ఎన్ని టిక్కీల బస్తాలు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాయో, కూలీలకి టీ ఎవరు పెడుతున్నారో. మాట మధ్యలో ఫోను ఆగిపోవడం ఒక్కటే ఆయన భయం. “సగం మాటలో ఆగిపోతే అలిగానేమో అనుకుంటదమ్మాయ్. ముప్పై ఏళ్ళుగా నాకు ఆ పేరుంది” అనేవారు.

నా ఫోను పాతది, ఒక పూట కూడా నిలిచేది కాదు. ఒకరోజు పొద్దున్నే ఆయన అన్నారు, “పద అమ్మాయ్, నీకూ ఒకటి కొందాం. నీ ఫోను ఆగిపోతుంటే నాది పీకాలి, నాది ఆగిపోతుంటే నీది పీకాలి. ఇది కాదు పని.”

“నేను కిందికి వెళ్తే లోపలి నుంచి ఫోను వస్తేనో?”

“చేతిలోనే ఉంటదిగా. మెట్లు దిగితే ఎదురుగా కొట్టు. పద.”

రోడ్డుకి అవతల, మందుల కొట్లకీ పండ్ల బండ్లకీ మధ్య ఇరుక్కుని ఉన్న సెల్‌ఫోన్ల కొట్టు అది. కొట్టాయన నన్ను చూడగానే ఆస్పత్రి మనిషినని పోల్చుకున్నట్టున్నాడు, అద్దాల బల్ల మీద పవర్‌బ్యాంకులు వరసగా పరిచాడు.

“మేడం, ఇరవై వేల ఎంఏహెచ్‌ది తీసుకోండి. ఒకసారి పెడితే మూణ్ణాలుగు రోజులు చూసుకోనక్కర్లేదు. ల్యాప్‌టాప్ కూడా ఎక్కుతుంది.”

“ల్యాప్‌టాప్ ఎవురికుందయ్యా ఇక్కడ?” అన్నారు బాబాయి గారు. దాన్ని తీసి నా చేతిలో పెట్టి, నా ఫోను కూడా అదే చేతిలో పెట్టి, “నడువు” అన్నారు.

“ఎక్కడికండీ?”

“గడప దాకా పోయి రా.”

వెళ్ళి వచ్చాను. మణికట్టు లాగింది.

“చూశావా? ఫోను మోగిందనుకో, ఒక చేత్తో చెవికి పెట్టుకోవాల, మందులందియ్యడానికి రెండో చేత్తో ఆ గాజుతలుపు తొయ్యాల. దీంతో అయ్యే పనేనా? మా అల్లుడు ఇటికంతది కొనిచ్చాడు. బీరువా మీద పెట్టేసి వచ్చా. బరువున్నది ఇంట్లో ఉంటది కానీ మన దగ్గరుండదమ్మాయ్.”

కొట్టాయన నవ్వి, వేలెడంత ఉన్నదొకటి చూపించాడు. ఫోను కిందనే గుచ్చుకునేది. ముచ్చటగా ఉంది. “ఇది ఐదు వేలదండీ. తేలికే గానీ, మీ ఫోను ఒక్కసారి ఎక్కేసరికి అయిపోద్ది” అని అతనే చెప్పాడు. చివరికి మధ్యరకం పదివేలది తీశాడు. ఇంచుమించు బాబాయి గారి దాని లాంటిదే, ఇంకాస్త పలచన.

“పదివేలంటే పదివేలూ ఎక్కుద్దా?” అని అడిగారు ఆయన.

“అంత రాదు బాబాయ్. వేడికీ దానికీ కొంత పోద్ది. ఆరు, ఆరున్నర వేలు అనుకోండి.”

“తరుగన్నమాట” అన్నారు, ఊరట చెందినట్టు. “పత్తికి తేమని తరుగు, మిర్చికి తొడిమలని తరుగు. దీనికీ ఉందా? మంచిదే. తరుగు ముందే చెప్పి అమ్మేవాణ్ణి నమ్మొచ్చమ్మాయ్.”

తర్వాత దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. ఎండుమిరపకాయ లోపల గింజ గలగలమంటుందో లేదో చూసినట్టే ఊపారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశారు.

“బాబాయ్, అది మిరపకాయ కాదు” అన్నాడు కొట్టాయన.

“తెలుసయ్యా. కాయైతే గలగలమనాల, ఇదైతే అనకూడదు. అంతే తేడా.”

డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో నన్ను చదవమన్నారు. తీగ దానికే అతికి ఉన్న రకం వద్దన్నారు, తీగ తెగితే మొత్తం పోతుందని. జానెడు తీగ విడిగా ఇమ్మన్నారు. పొడుగు తీగైతే తలుపు గడియలకి తగులుకుంటుందట. ఛార్జింగ్ ఎక్కేటప్పుడు ఫోను మాట్లాడితే చెవుడొస్తుందని కూడా ఒక మాటన్నారు. కొట్టాయన కాదన్నాడు. ఆయన వినలేదు.

“నలుపా, తెలుపా మేడం?” అని అడిగాడు కొట్టాయన.

“నలుపియ్యి” అన్నారు బాబాయి గారు. “తెల్లది మాసిపోద్ది.”

“మాసిపోనివ్వండి. తెల్లది ఇవ్వండి” అన్నాను.

ఆయన నా వంక చూసి, సరేనన్నట్టు తల ఊపారు. ఆ రోజుల్లో నేను పట్టుబట్టిన మాట అదొక్కటే. మిగతావన్నీ ఎవరో చెబుతుంటే చేశాను. ఇక్కడ సంతకం పెట్టమంటే పెట్టాను, ఇంకో ఆపరేషనంటే సరేనన్నాను, అన్నం తినమంటే తిన్నాను. ఇది కావాలి, అది వద్దు అని నా నోటితో చెప్పింది ఆ పవర్‌బ్యాంకు రంగు గురించే. మెట్లెక్కి పైకి వస్తుంటే అది నా గుప్పిట్లో సరిగ్గా ఇమిడింది. కొత్త వస్తువుల చల్లదనం దానికి ఉంది.

ఆ తర్వాత నా ఫోను ఎప్పుడూ ఆగలేదు. మావారికి ఫలానాది తగ్గిందని, ఫలానాది పెరిగిందని ఎన్నిసార్లు చేసినా మొదటి గంటకే ఎత్తాను. ఒక మధ్యాహ్నం చేసినప్పుడు కూడా మొదటి గంటకే ఎత్తాను. “మేడం, మీరు ఒకసారి లోపలికి రండి” అన్నారు. మందులు తెమ్మనలేదు, లోపలికి రమ్మన్నారు. అలా పిలిస్తే ఏమిటో ఆ వరండాలో అందరికీ తెలుసు. ఫోను నిండా ఎక్కి ఉంది. మాట తేటగా వినిపించింది. ఇన్నాళ్ళు దాన్ని ఆరిపోకుండా కాపాడింది ఈ మాట వినడానికేనా అని ఒక ఆలోచన వచ్చి, వచ్చినట్టే పోయింది. లేచి తలుపు తోసుకుని వెళ్ళాను.

తర్వాతి పనులు మా బావగారు చూసుకున్నారు. మావారిని సత్తెనపల్లి తెచ్చాం. జనం వచ్చారు, ఏడ్చారు. నేను ఏడవలేదని మా ఆడపడుచు భయపడి, నా భుజాలు పట్టి ఊపింది. “ఏడువు వదినా, ఏడువు” అంది. ఆమెను నొప్పించకూడదని ముఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

కార్యక్రమాలు అయిన తర్వాతి ఆదివారం బాబాయి గారి ఫోను వచ్చింది. మావారి గురించి ఏమంటారో అనుకున్నాను. “ఛార్జింగ్ ఉందా అమ్మాయ్?” అన్నారు. ఉందన్నాను. వాళ్ళావిడ కళ్ళు తెరిచిందని చెప్పారు. ఇంకో ఆదివారం ఇంటికి తెచ్చామన్నారు. మరో ఆదివారం ఫోనులోకి గట్టిగా నవ్వారు. “ఇయ్యాల నన్ను తిట్టిందమ్మాయ్. మాట వంకరగా వచ్చింది గానీ తిట్టు మాత్రం సూటిగానే తగిలింది.”

అలా ఏడాది పైగా. చర్చి నుంచి వచ్చి, చొక్కా విప్పి వంకెకి తగిలించి, ఫోను తీసేవారట. చెప్పేది మూడు ముక్కలే. వాన, మిరప, ఆవిడ. ఓర్చుకోమని గానీ, దేవుడి చిత్తమని గానీ, కాలమే మాన్పుతుందని గానీ ఒక్కనాడూ అనలేదు. నేను “ఊ” కొడుతూ వినేదాన్ని. ఎవరి ఫోను కోసమూ ఎదురుచూడనక్కర్లేకపోయినా, పొద్దున్నే లేచి ఆ తెల్ల పవర్‌బ్యాంకుని ప్లగ్గుకి పెట్టి, బడికి వెళ్ళేటప్పుడు సంచీలో వేసుకునేదాన్ని. ఆయన అన్నట్టే అది మాసింది.

ఆదివారం పొద్దున్నే బయలుదేరి, చిలకలూరిపేటలో బస్సు మారి వెళ్ళాను. రాత్రి వాన పడ్డట్టుంది, నల్లరేగడి తడిసి మెరుస్తోంది. చేలల్లో ఆడవాళ్ళు వరసగా వంగి మిరపనారు నాటుతున్నారు. వాళ్ళ ఊరి చర్చి చిన్నది. కూడికలో పాస్టరు గారు ఆయన మంచి విశ్వాసి అని, కష్టజీవి అని చెప్పారు. అవి విని ఈయన వేరే ఎవరో అనిపించింది. పేరు కూడా అప్పుడే మొదటిసారి విన్నాను. ఆ పేరుతో నాకు పని లేదు.

భోజనాల వేళ కూతురు నన్ను ఇంట్లోకి తీసుకెళ్ళింది. “అమ్మ మిమ్మల్ని చూడాలంటోందండి.”

ఆవిడ నులకమంచం మీద, గోడకి దిండు ఆనించుకుని కూర్చుని ఉంది. అన్నాళ్ళు ఆ తలుపు అవతల ఉన్న మనిషి. ఆవిడ ముఖం చూడటం నాకు అదే మొదలు. సన్నటి మనిషి. ఎడమచెయ్యి ఒళ్ళో, తనది కానట్టు పడి ఉంది. మాట ఒక పక్కకి లాగుతోంది గానీ తెలుస్తోంది.

“సత్తెనపల్లి టీచరమ్మవా? నీ సంగతి చెప్పేవాడు” అంది. కూతురిని బయటికి వెళ్ళమన్నట్టు కళ్ళతో సైగ చేసింది. ఆమె వెళ్ళాక అడిగింది.

“నేను లోపల పడుకున్నన్నాళ్ళు ఆయన ఎట్టున్నాడు? పిల్లల్నడిగితే బానే ఉన్నాడంటారు. ఆయన్నడిగితే నాకేం, బానే ఉన్నానన్నాడు. నువ్వు చూశావుగా. చెప్పు.”

చెప్పాను. ఫోనులో ఏమేం మాట్లాడేవారో చెప్పాను. పట్టాలు కప్పించడం, తాలుకాయలు, గేదె. మధ్యలో జవాబు కోసం ఆగేవారని చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది.

“గేదె పాల సంగతి అబద్ధం” అంది. “పక్కింటామె బాగా పితుకుద్ది. నాకు రోషం రావాలని అని ఉంటాడు.”

మళ్ళీ అడిగింది. “ఏడ్చాడా?”

ఆయన ఆవిడ కోసం మా ఎదుట ఎన్నడూ ఏడవలేదు. ఏడ్చింది ఒక్కసారే. మావారిని బయటికి తెచ్చినప్పుడు లిఫ్టు పక్క గోడకి నుదురు ఆనించి, భుజాలు ఎగిరిపడేలా ఏడ్చారు. ఆయన్నే అసలు బంధువనుకుని వాచ్‌మన్ నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నేను రెండడుగుల అవతల నిలబడి, కిటికీలోంచి వాన చూసినట్టు ఆ ఏడుపు చూశాను. మావారిని ఆయన ఎన్నడూ చూడలేదు. టీలో పంచదార తక్కువ వేసుకుంటారని మాత్రం తెలుసు. ఆ ఏడుపులో ఎంత నాదో, ఎంత ఈవిడదో నాకు తెలియదు.

“ఏడ్చారండి” అన్నాను.

“బాగానా?”

“బాగా.”

ఆవిడ తల ఊపింది. ముఖం మీదికి ఒకలాంటి తృప్తి వచ్చి, అది కరిగిపోతుంటే కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. నా వంక చూసింది.

“మీ ఆయన పోయాడు కదమ్మా. నువ్వేడ్చావా?”

ఆ ప్రశ్న నన్ను అలా సూటిగా ఎవరూ అడగలేదు. ఏడవమన్నవాళ్ళే అందరూ.

“లేదండి” అన్నాను.

“ఇప్పటిదాకానా?”

“ఇంకా రాలేదండి.”

ఆవిడ ఆశ్చర్యపోలేదు.

“వస్తదిలే” అంది. “నాకీ చెయ్యి కూడా ఇంకా రాలా.”

కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి, పసిబిడ్డను సర్దినట్టు ఒళ్ళో సర్దుకుంది.